రాత్రి పడుకోగానే కాళ్లు లాగుతున్నాయా? ఇంట్లోనే ఇలా చేస్తే ఉపశమనం.. కానీ ఈ ఒక్క టెస్ట్ మాత్రం మర్చిపోవద్దు!

పగలంతా బాగానే ఉంటుంది. పొలం పని, ఇంటి పని, దుకాణం, డ్యూటీ.. ఎక్కడా ఇబ్బంది కనిపించదు. రాత్రి భోంచేసి మంచమెక్కిన పది నిమిషాలకే మొదలవుతుంది. పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, లోపలి నుంచి ఎవరో లాగుతున్నట్టు ఉంటుంది. కాలు కదిపితే ఒక్క నిమిషం హాయి. ఆపితే మళ్లీ అదే గోల. చివరికి లేచి వరండాలో అటూ ఇటూ తిరగాల్సిందే. పక్కన పడుకున్నవాళ్లకీ నిద్ర ఉండదు.

అనకాపల్లి జిల్లా మాడుగుల, చోడవరం వైపు పల్లెల్లో దీన్ని 'కాళ్ల తీపులు' అనేసి ఊరుకుంటారు. పగలు ఎక్కువ పని చేశాం కదా అనుకుంటారు. లేదంటే మందుల షాపులో ఒక నొప్పి మాత్ర అడిగి తెచ్చి వేసుకుంటారు. నిజానికి ఇలా రాత్రిపూట మాత్రమే వేధించే కాళ్ల బాధకు వైద్యంలో ఒక పేరుంది. దానికి కారణం చాలామందిలో ఒక చిన్న రక్త పరీక్షతో బయటపడుతుంది. ఆ వివరాలన్నీ ఒకేచోట మీకోసం.

ముఖ్యాంశాలు ఇవే..

• పడుకున్నప్పుడు కాళ్లు కదపాలనిపించడం, కదిపితే తగ్గడం.. ఇది 'రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్' కావొచ్చు.
• గోరువెచ్చని నీళ్లు, మర్దన, పిక్కల స్ట్రెచింగ్, నడక తాత్కాలికంగా ఉపశమనం ఇస్తాయి.
• ఒంట్లో ఐరన్ నిల్వలు తగ్గడం ప్రధాన కారణాల్లో ఒకటి. హిమోగ్లోబిన్ బాగున్నా ఐరన్ నిల్వ తక్కువగా ఉండొచ్చు.
• జలుబు, వాంతుల కోసం వాడే కొన్ని మాత్రలు సమస్యను పెంచుతాయి.
• గర్భిణులు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు సొంత వైద్యం చేసుకోకూడదు.

అసలు ఏంటీ సమస్య?

దీన్ని షార్ట్‌గా ఆర్‌ఎల్‌ఎస్ అంటారు. కొత్తగా పుట్టుకొచ్చిన జబ్బేమీ కాదు. ఇంగ్లండ్‌కు చెందిన థామస్ విల్లిస్ అనే వైద్యుడు 1672లోనే ఈ లక్షణాల గురించి రాశాడు. 1945లో స్వీడన్ న్యూరాలజిస్ట్ కార్ల్ ఆక్సెల్ ఎక్‌బామ్ దీన్ని వివరంగా అధ్యయనం చేసి, ఇప్పుడు వాడుతున్న పేరు పెట్టాడు. అందుకే దీన్ని 'విల్లిస్-ఎక్‌బామ్ వ్యాధి' అని కూడా పిలుస్తారు.

పాశ్చాత్య దేశాల్లో పెద్దవాళ్లలో సుమారు 5 నుంచి 10 శాతం మందికి ఈ లక్షణాలు ఉంటాయని అంచనా. మన దగ్గర అంతకంటే తక్కువే. బెంగళూరు నగరంలో జరిపిన ఒక సర్వే ఫలితాలు 2007లో వచ్చాయి. అందులో 2.1 శాతం మందిలో ఈ సమస్య కనిపించింది. మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లలో దాదాపు రెట్టింపు. ఇంట్లో అమ్మకో, నాన్నకో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం కూడా ఎక్కువే.

ఈ 4 లక్షణాలు ఉన్నాయా? చెక్ చేసుకోండి

1. కాళ్లను కదపాలని ఆపుకోలేనంతగా అనిపించాలి. దాంతోపాటు పాకుతున్నట్టు, లాగుతున్నట్టు, జివ్వుమన్నట్టు ఇబ్బంది ఉండొచ్చు.
2. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు మొదలవ్వాలి. లేదా అప్పుడే ఎక్కువవ్వాలి.
3. నడిచినా, కాళ్లు చాపినా, కదిపినా కొంతైనా తగ్గాలి.
4. పగటి కంటే సాయంత్రం, రాత్రి ఎక్కువగా ఉండాలి.

ఈ నాలుగూ ఉండి, వేరే ఏ జబ్బూ ఆ బాధకు కారణం కాదని తేలితే డాక్టర్లు ఆర్‌ఎల్‌ఎస్‌గా నిర్ధారిస్తారు. దీనికి స్కానింగ్ అక్కర్లేదు. రోగి చెప్పే మాటలే ప్రధాన ఆధారం. అందుకే లక్షణాలను డాక్టర్‌కు సరిగ్గా చెప్పడం చాలా ముఖ్యం. 'కాళ్లు నొప్పి డాక్టర్ గారూ' అని ఒక్క మాటతో సరిపెడితే నొప్పి మాత్రతోనే తిరిగి రావాల్సి వస్తుంది. 'పడుకుంటే వస్తుంది, నడిస్తే పోతుంది' అని చెబితే ఆయనకు దారి దొరుకుతుంది.

తీపులా? తిమ్మిర్లా? పిక్క పట్టేయడమా?

కాళ్ల బాధలన్నీ ఒకటి కాదు. తేడా తెలుసుకుంటేనే సరైన వైద్యం.

పిక్క పట్టేయడం: ఉన్నట్టుండి పిక్క గట్టిగా ముడిపడినట్టు అవుతుంది. ప్రాణం పోయేంత నొప్పి. కాసేపటికి వదులుతుంది. చేత్తో పట్టుకుంటే కండ గట్టిగా తెలుస్తుంది. ఆర్‌ఎల్‌ఎస్‌లో కండ గట్టిపడదు.

షుగర్ తిమ్మిర్లు, మంటలు: మధుమేహం ఉన్నవాళ్లలో నరాలు దెబ్బతిని అరికాళ్లు మండుతాయి, మొద్దుబారతాయి. చెప్పు జారిపోయినా తెలియదు. నడిచినంత మాత్రాన తగ్గదు. అయితే కొందరిలో ఇదీ, ఆర్‌ఎల్‌ఎస్ రెండూ కలిసి ఉండొచ్చు.

రక్తప్రసరణ సమస్య: కొంత దూరం నడవగానే పిక్క నొప్పి, ఆగితే తగ్గుతుంది. ఇది ఆర్‌ఎల్‌ఎస్‌కు పూర్తిగా రివర్స్. పొగతాగే అలవాటున్న మగవాళ్లలో ఎక్కువ.

వెరికోస్ వెయిన్స్: కాళ్ల మీద నరాలు మెలికలు తిరిగి ఉబ్బుతాయి. ఎక్కువసేపు నిలబడితే బరువు, లాగుడు. కాళ్లు ఎత్తులో పెట్టుకుంటే హాయి.

ఎందుకు వస్తుంది?

మన కదలికలను అదుపు చేయడానికి మెదడులో డోపమైన్ అనే రసాయనం పనిచేస్తుంది. అది సరిగ్గా తయారు కావాలన్నా, పనిచేయాలన్నా ఐరన్ కావాలి. మెదడుకు చేరే ఐరన్ తగ్గితే డోపమైన్ లెక్క తప్పుతుంది. రోజులో డోపమైన్ ప్రభావం సాయంత్రం నుంచి తగ్గుతూ వస్తుంది. అందుకే బాధ రాత్రిపూటే బయటపడుతుందని పరిశోధకులు భావిస్తున్నారు. అంటే బాధ కాళ్లలో తెలుస్తున్నా, మూలం చాలావరకు మెదడులో, నరాల వ్యవస్థలో ఉంది.

ఇక్కడే మన రాష్ట్రానికి సంబంధించిన విషయం ఒకటుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. దేశ సగటు 57 శాతం. రక్తహీనత ఉన్న అందరికీ కాళ్ల సమస్య రాదు. కానీ ఇన్ని ఇళ్లలో ఐరన్ లోపం ఉన్నప్పుడు, రాత్రిపూట కాళ్లు లాగుతున్నాయని చెప్పే ఆడవాళ్ల మాటను 'పని ఎక్కువై ఉంటుందిలే' అని కొట్టిపారేయడం సరికాదు.

రాత్రి నిద్ర లేపిందా? వెంటనే ఇవి చేయండి

లేచి నడవండి: పడుకునే ఓర్చుకుందాం అనుకుంటే బాధ పెరుగుతుంది. ఐదు నిమిషాలు మెల్లగా నడవండి. లైట్లన్నీ వేయకండి, ఫోన్ తీయకండి. ఆ వెలుతురుకు వచ్చే నిద్ర కూడా పోతుంది.

పిక్కలు సాగదీయండి: గోడకు ఎదురుగా నిలబడి రెండు చేతులూ గోడకు ఆనించండి. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి. వెనక కాలి మడమ నేలకు ఆనే ఉండాలి. ముందు మోకాలు వంచి 20 నుంచి 30 సెకన్లు ఆగండి. కాలు మార్చండి. మూడు సార్లు చేస్తే చాలు. పడుకునే ముందే చేస్తే ఇంకా మంచిది.

గోరువెచ్చని నీళ్లు: బకెట్‌లో మోకాళ్ల కింది వరకు నీళ్లు పోసుకుని 10-15 నిమిషాలు కాళ్లు పెట్టండి. లేదా పడుకునే ముందు వేన్నీళ్ల స్నానం చేయండి. కొందరికి వేడి కంటే చల్లటి తడిగుడ్డ బాగా పనిచేస్తుంది. ఏది హాయిగా ఉంటే అది పాటించండి. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త. కాళ్లకు స్పర్శ తగ్గి ఉంటే నీళ్లు కాలుతున్నాయన్న సంగతి కూడా తెలియదు. ఇంట్లో ఇంకొకరు మోచేత్తో చూసిన తర్వాతే కాళ్లు పెట్టాలి.

నూనె మర్దన: నువ్వుల నూనెో, కొబ్బరి నూనెో గోరువెచ్చగా చేసి మడమ నుంచి మోకాలి వైపు రాయండి. ఇక్కడ పనిచేసేది నూనె కంటే చేతి ఒత్తిడే. ఏ నూనె అయినా ఫర్వాలేదు, ఖరీదైన తైలాలు కొనక్కర్లేదు. అయితే ఒక్క కాలే వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే మర్దన అసలు చేయొద్దు. రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మనసు మళ్లించండి: ఇది వింతగా అనిపించినా చాలామందికి పనిచేస్తుంది. మెదడు ఏదైనా పనిలో పడితే కాళ్ల గోల తగ్గుతుంది. పేపర్లో పదవినోదం, పూలు కట్టడం, కుట్టుపని, పిల్లలతో లెక్కలు చేయించడం.. సాయంత్రం కూర్చునే సమయానికి ఇలాంటి పని ఒకటి పెట్టుకోండి. ఖాళీగా టీవీ ముందు కూర్చుంటే బాధ ఎక్కువగా తెలుస్తుంది.

బస్సు ప్రయాణంలో: మాడుగుల నుంచి విశాఖకో, పాడేరు ఘాట్ ఎక్కో గంటల తరబడి కూర్చుని వెళ్లాలంటే ఆర్‌ఎల్‌ఎస్ ఉన్నవాళ్లకు నరకం. వీలైతే ఉదయం ప్రయాణం పెట్టుకోండి. కాళ్లు చాపుకునే వీలున్న సీటు చూసుకోండి. బస్సు ఆగినచోట దిగి నాలుగడుగులు వేయండి.

రోజూ పాటిస్తే ఫలితం ఇచ్చేవి

వ్యాయామం: 2006లో అమెరికాలో ఒక చిన్న అధ్యయనం జరిగింది. వారానికి మూడు రోజులు నడక, కాళ్ల వ్యాయామాలు చేసినవాళ్లలో 6 వారాలకే లక్షణాలు బాగా తగ్గాయి. 12 వారాల వరకు ఆ మేలు నిలిచింది. దీనికి ట్రెడ్‌మిల్, జిమ్ అక్కర్లేదు. ఉదయం అరగంట చురుకైన నడక చాలు. అయితే ఒక్కసారిగా శక్తికి మించి చేసినా, పడుకునే ముందు బాగా అలసిపోయేలా చేసినా కొందరికి ఆ రాత్రి బాధ పెరుగుతుంది. కూలి పని, పొలం పని చేసేవాళ్లు నడక కంటే రాత్రి స్ట్రెచింగ్ మీద దృష్టి పెట్టడం మంచిది.

టీ, కాఫీ: సాయంత్రం తర్వాత మానేయండి. టీ మానగానే అందరికీ తగ్గుతుందన్న గ్యారంటీ లేదు. రెండు వారాలు ఆపి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిండిలోని ఐరన్ ఒంటికి పట్టదు. భోజనానికి కనీసం గంట ముందు, గంట తర్వాత టీ వద్దు.

మందు, పొగాకు: మద్యం తాగితే నిద్ర పడుతుందనుకుంటారు. మొదట మత్తు వచ్చినా అర్ధరాత్రి మెలకువ వచ్చి కాళ్ల గోల పెరుగుతుంది. కల్లుకూ అదే వర్తిస్తుంది. పొగాకు కూడా నిద్రను చెడగొడుతుంది. ఉత్తరాంధ్రలో కొందరు పెద్దవయసు ఆడవాళ్లకు అడ్డపొగ అలవాటు ఉంది. నోటి క్యాన్సర్ ముప్పు ఎలాగూ ఉంది, రాత్రి నిద్రకూ అది మంచిది కాదు.

నిద్ర టైమ్: రోజూ ఒకే సమయానికి పడుకుని, ఒకే సమయానికి లేవాలి. నిద్ర చాలకపోతే మర్నాడు రాత్రి లక్షణాలు ఇంకా పెరుగుతాయి. ఇదొక చక్రంలా తిరుగుతుంది.

బెల్లం, చోడి అంబలి తాగితే సరిపోతుందా?

అనకాపల్లి అంటే బెల్లం. దేశంలోనే పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి ఇక్కడే ఉంది. 'రక్తం పట్టాలంటే బెల్లం తిను' అనే మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. ఇందులో నిజమెంతో లెక్కేసి చూద్దాం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల ప్రకారం 100 గ్రాముల బెల్లంలో సుమారు 4.6 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. అంటే 20 గ్రాముల ముక్క తింటే వచ్చేది ఒక మిల్లీగ్రాము కూడా కాదు. పెద్దవయసు మహిళకు రోజుకు కావాల్సింది 29 మిల్లీగ్రాములు, మగవాళ్లకు 19. బెల్లంతోనే ఆ లోటు పూడ్చాలంటే అరకిలో పైన తినాలి. ఐరన్ సంగతి తర్వాత, ముందు షుగర్ వస్తుంది!

చోళ్లు, అంటే రాగుల్లో కూడా 100 గ్రాములకు సుమారు 4.6 మిల్లీగ్రాములే. అయితే చోడి అంబలి రోజూ తాగే తిండి కాబట్టి మొత్తం మీద ఉపయోగం ఎక్కువ. కాల్షియం కూడా బాగా దొరుకుతుంది. సజ్జల్లో సుమారు 6.4, ఉలవల్లో 8 మిల్లీగ్రాములకు పైనే ఐరన్ ఉంటుంది. నువ్వులు, మునగాకు, తోటకూర కూడా మంచివే.

కానీ గింజలు, ఆకుకూరల్లో ఉండే ఐరన్‌లో ఒంటికి పట్టేది కొద్ది శాతమే. దాన్ని పెంచాలంటే విటమిన్ సి కావాలి. ఉలవచారులో చింతపండు ఎలాగూ ఉంటుంది, పైన కాస్త నిమ్మరసం పిండండి. భోజనం తర్వాత జామకాయ, ఉసిరికాయ తినండి. మాంసాహారులైతే మేక కాలేయం, మాంసం, చేపల నుంచి ఐరన్ తేలిగ్గా పడుతుంది. గర్భిణులు మాత్రం కాలేయం తినే ముందు డాక్టర్‌ను అడగాలి. అందులో విటమిన్ ఎ మరీ ఎక్కువగా ఉంటుంది.

ఇక మాడుగుల పేరు చెప్పగానే గుర్తొచ్చేది హల్వా. గోధుమ పాలు, నెయ్యి, జీడిపప్పుతో చేసే ఈ హల్వా బలమని పేరు. రుచికి, శక్తికి సరే. కానీ నెయ్యి, తీపి కలిసిన ఈ మిఠాయి ఐరన్ లోపానికి మందు కాదు. షుగర్ ఉన్నవాళ్లు బలం కోసమని తినడం అసలు మంచిది కాదు.

ఆ ఒక్క టెస్ట్ ఇదే.. సీరం ఫెరిటిన్

చాలామంది హిమోగ్లోబిన్ చూపించుకుని '12 ఉంది, బాగానే ఉంది' అనుకుంటారు. హిమోగ్లోబిన్ అంటే చేతిలో ఉన్న డబ్బు లాంటిది. ఫెరిటిన్ అంటే బ్యాంకులో దాచుకున్నది. చేతిలో డబ్బు ఆడుతున్నా బ్యాంకు ఖాళీ అయి ఉండొచ్చు. కాళ్ల సమస్యకు లెక్కలోకి వచ్చేది ఈ నిల్వే.

మామూలుగా ల్యాబ్ రిపోర్ట్‌లో ఫెరిటిన్ 15, 20 ఉన్నా 'నార్మల్' అనే రావొచ్చు. కానీ ఆర్‌ఎల్‌ఎస్ ఉన్నవాళ్లకు లెక్క వేరు. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2025లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లలో ఫెరిటిన్ 75 లేదా అంతకంటే తక్కువ ఉన్నా, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ అనే మరో పరీక్ష 20 శాతం కంటే తక్కువ ఉన్నా ఐరన్ ఇచ్చే విషయం ఆలోచించాలి. రిపోర్ట్‌లో నార్మల్ అని ఉందని ఊరుకోకుండా అసలు అంకె ఎంతో డాక్టర్‌కు చూపించాలి.

రక్తం ఉదయం పరగడుపున ఇవ్వడం మంచిది. అప్పటికే ఐరన్ మాత్రలు వాడుతుంటే టెస్ట్‌కు ముందు రోజు ఆపాలా వద్దా అని అడగండి. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ లేనిపోనిదిగా ఎక్కువ చూపిస్తుంది. తగ్గాక చేయించుకోండి.

ఇంకో ముఖ్యమైన విషయం. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకో, మగవాళ్లకో ఐరన్ తక్కువగా ఉందంటే ఒంట్లోంచి రక్తం ఎక్కడో పోతోందేమో చూడాలి. పైల్స్, కడుపులో పుండు, అరుదుగా పేగు క్యాన్సర్ కూడా కారణం కావొచ్చు. రాత్రి కాళ్లు లాగడం అనే చిన్న ఫిర్యాదు ఒక్కోసారి ఇంత పెద్ద విషయాన్ని ముందే పట్టిస్తుంది.

ఐరన్ మాత్రలు సొంతంగా వేసుకోవచ్చా?

టెస్ట్ లేకుండా వద్దు. కారణం ఉంది. మాడుగులకు ఆనుకుని ఉన్న పాడేరు ఏజెన్సీలో సికిల్ సెల్ జబ్బు ఉన్న కుటుంబాలు ఉన్నాయి. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది ఇలాంటి గిరిజన ప్రాంతాల కోసమే. సికిల్ సెల్, తలసేమియా ఉన్నవాళ్లలో రక్తం తక్కువగా ఉన్నా ఐరన్ తక్కువగా ఉండాలని లేదు. తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్లలో ఐరన్ మోతాదు మించి ఉంటుంది. వాళ్లకు మాత్రలు హాని చేస్తాయి.

డాక్టర్ రాసిచ్చాక ఇవి గుర్తుంచుకోండి:

• రోజుకు ఒకసారి, లేదా డాక్టర్ చెబితే రోజు విడిచి రోజు. మోతాదు పెంచితే తొందరగా తగ్గదు.
• నిమ్మరసంతో వేసుకోండి. టీ, కాఫీ, పాలతో వద్దు.
• కాల్షియం మాత్ర, గ్యాస్ మాత్రలతో కలిపి వేసుకోవద్దు. థైరాయిడ్ మాత్రకు, దీనికి కనీసం 4 గంటల తేడా ఉండాలి.
• విరేచనం నల్లగా వస్తుంది, మలబద్ధకం రావొచ్చు. కంగారు పడి మానేయకండి, డాక్టర్‌కు చెప్పండి.
• ఫలితం కనిపించడానికి వారాలు, ఒక్కోసారి 3 నెలలు పడుతుంది. తర్వాత మళ్లీ ఫెరిటిన్ చూపించుకోవాలి.
• పిల్లలకు అందకుండా పెట్టండి. ఎక్కువ మింగితే ప్రాణాపాయం.

మాత్రలు పడకపోయినా, ఒంటికి పట్టకపోయినా ఐరన్‌ను ఇంజెక్షన్‌గా నరానికి ఎక్కిస్తారు. అది ఆసుపత్రిలోనే జరగాలి.

ఈ మందులు వాడుతున్నారా? కారణం అదే కావొచ్చు

జలుబు, దురదలకు వాడే మత్తు వచ్చే మాత్రలు (క్లోర్‌ఫెనిరమైన్, డైఫెన్‌హైడ్రమైన్ లాంటివి), వాంతులు తగ్గడానికి ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కొన్ని డిప్రెషన్ మందులు, మానసిక సమస్యలకు వాడే మరికొన్ని మందులు ఆర్‌ఎల్‌ఎస్‌ను పెంచుతాయి. 'నిద్ర పడుతుంది కదా' అని రాత్రిపూట జలుబు మాత్ర వేసుకునే అలవాటు చాలామందికి ఉంది. ఆర్‌ఎల్‌ఎస్ ఉన్నవాళ్లకు అదే శత్రువు. అలాగని డిప్రెషన్ మందులు సొంతంగా ఆపేయకూడదు. డాక్టర్‌తో మాట్లాడితే మందు మారుస్తారు.

గర్భిణుల్లో..

గర్భిణుల్లో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి ఈ సమస్య కనిపిస్తుంది. చివరి మూడు నెలల్లో ఎక్కువ. కాన్పు అయ్యాక సాధారణంగా కొద్ది వారాల్లోనే తగ్గిపోతుంది. ప్రభుత్వం గర్భిణులకు ఉచితంగా ఇచ్చే ఐరన్-ఫోలిక్ యాసిడ్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. రోజుకు ఒకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. వికారంగా ఉందని చాలామంది మధ్యలో మానేస్తారు. మానకుండా ఏఎన్‌ఎంకో, ఆశా కార్యకర్తకో చెబితే ఎప్పుడు, ఎలా వేసుకోవాలో చూస్తారు. ఇంట్లో అత్తగారు, అమ్మ కూడా 'మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా' అనకుండా మాత్ర వేసుకుందో లేదో చూడాలి. మర్దన, గోరువెచ్చని నీళ్లు, స్ట్రెచింగ్ గర్భిణులకు సురక్షితమే. మందులు మాత్రం డాక్టర్ చెప్పకుండా వద్దు.

కిడ్నీ సమస్య ఉన్నవాళ్లలో..

డయాలసిస్ చేయించుకునేవాళ్లలో ఆర్‌ఎల్‌ఎస్ మామూలువాళ్ల కంటే చాలా ఎక్కువ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ వ్యాధి సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. ఆ రోగుల కోసమే 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ కుర్చీలో గంటల తరబడి కదలకుండా ఉండటం ఈ సమస్య ఉన్నవాళ్లకు ఎంత కష్టమో నర్సుకు, డాక్టర్‌కు తప్పక చెప్పాలి.

కిడ్నీ జబ్బు లేనివాళ్లు కూడా ఒకటి గమనించాలి. కాళ్లు లాగుతున్నాయని డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు నెలల తరబడి వాడితే ఆర్‌ఎల్‌ఎస్ తగ్గదు. కిడ్నీలు దెబ్బతింటాయి, కడుపులో పుండ్లు పడి రక్తం పోతుంది. రక్తం పోతే ఐరన్ తగ్గుతుంది. ఐరన్ తగ్గితే కాళ్ల సమస్య పెరుగుతుంది. తగ్గుతుందని వేసుకున్న మాత్రే చివరికి సమస్యను పెంచుతుంది.

సోషల్ మీడియా చిట్కాలు.. ఏది నిజం?

దుప్పటి కింద సబ్బు పెట్టుకుంటే తగ్గుతుంది: దీనికి ఆధారం లేదు. హాని కూడా లేదు, అంతే.

మెగ్నీషియం మాత్రలు: కొందరికి ఉపయోగపడొచ్చు కానీ గట్టి ఆధారాలు లేవు. కిడ్నీ సమస్య ఉంటే వద్దు.

టానిక్ వాటర్, క్వినైన్: వద్దే వద్దు. గుండె లయ తప్పడం, రక్తకణాలు పడిపోవడం లాంటి ప్రమాదాలు ఉన్నాయని అమెరికా ఎఫ్‌డీఏ ఎప్పుడో హెచ్చరించింది.

కాళ్లకు గట్టిగా గుడ్డ చుట్టుకోవడం: కాస్త ఒత్తిడి హాయినిస్తుంది. కానీ బిగించి కట్టి నిద్రపోతే రక్తప్రసరణ ఆగుతుంది. షుగర్ ఉన్నవాళ్లు అసలు చేయకూడదు.

డాక్టర్ దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి?

• వారానికి రెండు, మూడు రాత్రులు నిద్ర చెడుతుంటే
• ఇంటి చిట్కాలు 2-3 వారాలు పాటించినా తగ్గకపోతే
• ఆయాసం, నీరసం, పాలిపోవడం, మట్టి, బియ్యం తినాలనిపించడం ఉంటే
• నల్లటి విరేచనం (ఐరన్ మాత్ర వాడకుండానే), అధిక నెలసరి ఉంటే
• చేతులకు కూడా పాకితే, పగలు కూడా మొదలైతే

ఒక్క కాలు వాపు, ఎరుపు, ఆయాసం కలిసి వచ్చినా, కాలు ఉన్నట్టుండి చచ్చుబడినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

మొదట దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో రక్త పరీక్ష చేయించుకోవచ్చు. ఫెరిటిన్ అక్కడ చేయకపోతే ఎక్కడ చేస్తారో రాయించుకోండి. అవసరమైతే అనకాపల్లి జిల్లా ఆసుపత్రికి, న్యూరాలజిస్ట్ కోసం విశాఖ కేజీహెచ్‌కు వెళ్లొచ్చు.

ఐరన్ సరిచేశాక కూడా తగ్గకపోతే మందులు ఉన్నాయి. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ ఇప్పుడు మొదట వాడుతున్నారు. ఒకప్పుడు ఎక్కువగా ఇచ్చిన ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటివి ఏళ్ల తరబడి వాడితే బాధ సాయంత్రానికే మొదలై, చేతులకూ పాకే అవకాశం ఉంది. అందుకే 2025 మార్గదర్శకాలు వాటిని మామూలుగా వాడొద్దని సూచించాయి. ఇప్పటికే వాడుతున్నవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు.

రెండు వారాలు ఇలా రాసుకోండి

పిల్లల నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. రోజూ నాలుగే విషయాలు రాయండి. ఎన్నింటికి మొదలైంది, ఎంతసేపు ఉంది, ఏం చేస్తే తగ్గింది, ఆ రోజు ఏ మాత్రలు వేసుకున్నారు. టీ ఎన్నిసార్లు తాగారో కూడా పక్కన రాస్తే మంచిది. రాయడం రాకపోతే పిల్లలతో రాయించండి. డాక్టర్ దగ్గర ఆ పుస్తకం పెడితే సగం పని అయిపోయినట్టే.

తరచూ అడిగే ప్రశ్నలు

ఇది పక్షవాతానికి దారితీస్తుందా?
లేదు. కాళ్లు చచ్చుబడటానికి, దీనికి సంబంధం లేదు.

పిల్లలకు వస్తుందా?
వస్తుంది. చాలాసార్లు 'ఎదిగే నొప్పులు' అనుకుంటారు. రాత్రి కాళ్లు ఆడిస్తూ నిద్రపోని పిల్లలకు కూడా ఐరన్ చూపించాలి.

పూర్తిగా తగ్గుతుందా?
ఐరన్ లోపం, గర్భం, మందుల వల్ల వచ్చినదైతే కారణం తొలగితే చాలావరకు తగ్గుతుంది. వంశపారంపర్యంగా వచ్చినదైతే పూర్తిగా పోకపోవచ్చు, కానీ నిద్ర పట్టేంతగా అదుపులో పెట్టుకోవచ్చు.

రాత్రి ఇంట్లో ఎవరైనా మంచం మీద కాళ్లు ఆడిస్తూ, మాటిమాటికీ లేచి తిరుగుతుంటే విసుక్కోకండి. కావాలని చేస్తున్నది కాదు. కాసేపు కాళ్లు పట్టండి. తెల్లారాక ఫెరిటిన్ టెస్ట్‌కు తీసుకెళ్లండి.

గమనిక: ఈ సమాచారం అవగాహన కోసం మాత్రమే. ఏ మందు మొదలుపెట్టాలన్నా, ఆపాలన్నా డాక్టర్‌ను సంప్రదించండి.